ఈఁకల యీఁగతోఁ జేపల వేఁట

ఇంగ్లండునందలి టెస్టు నదిలో ట్రౌటను చేపను బట్టువారు గాలమునకు ఎఱను గ్రుచ్చరు. కొక్కెమునకు ఈఁకలను బట్టుదారముతోఁ జుట్టి, యీఁగవలె నగపడునట్లు చేసి నీటిపై విసరుదురు. ఆ యీఁగకు బరువు లేదు. బరువైన త్రాడే దానిని గొనిపోవును. మేమును కోడియీఁకతో నొకటి కట్టి చూచితిమి. అది చీపురువలె నుండెను!

ఋతువునుబట్టి యీఁగ మాఱవలెను. మే నెల తుదిని మేఫ్లై యను పురుగులు నీటినుండి గుంపులుగా లేచును. సుమారు రెండేండ్లు బురదలోఁ బెరిఁగిన యా జీవికి ఱెక్కలు వచ్చిన పిమ్మట ఆయువు ఒకటి రెండు దినములే; అది యేమియుఁ దినఁజాలదు. అప్పుడు ట్రౌటు జంకు విడిచి పైకి వచ్చి మ్రింగును. నడివేసవిని పగలు నీడల దాఁగి సాయంకాలమున మేయును. శీతకాలమున గులకఱాలలో గ్రుడ్లు పెట్టును గాన వేఁట నిషిద్ధము. ఏ కాలమునందైనను వేఁటకాని నీడ నీటిపైఁ బడెనా, యా పూఁటకుఁ జేప లేదు.