గదిగదికీ పాట: పాత స్పీకర్లు తీసెయ్యాలా?



పది పన్నెండేళ్ళ క్రితం ఇల్లు కట్టుకున్నవారిలోనూ, ఫ్లాటు కొని లోపలి పని చేయించుకున్నవారిలోనూ కొందరు ముచ్చటపడి గదిగదికీ స్పీకర్లు పెట్టించుకున్నారు. హాల్లో రెండు, వంటింట్లో ఒకటి, పూజగదిలో చిన్నది, మేడమీద పిల్లల గదిలో మరొకటి. తెల్లవారి లేచి ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, ఇల్లంతా సుప్రభాతం. పొయ్యి దగ్గరున్నా, బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నా పాట మన వెంటే వచ్చేది.

ఇప్పుడేమో వంటింట్లో పాడితే హాల్లో పాడదు. హాల్లో పాడితే పూజగదిలో గురగుర. "మొత్తం తీసేసి కొత్తవి పెట్టిద్దామమ్మా" అంటాడు అబ్బాయి. "పాట వినకపోతే కొంపలేం మునగవు" అంటారు శ్రీవారు. షాపతను రాసిచ్చిన కాగితం చూస్తే గుండె ఝల్లుమంటుంది. చివరికి, మీరే ఏదో ఒకటి తేల్చండని అందరూ మనవైపు చూస్తారు. తేల్చాలంటే ముందు ఆ పెట్టె సంగతి కాస్త తెలియాలి కదా!

పైకి ఒకటే పెట్టెలా కనిపించినా అందులో మూడు వస్తువులున్నాయనుకోండి. ఒకటి, ధ్వని పుట్టించే స్పీకరు. రెండోది, దానికి బలమిచ్చే యాంప్లిఫయర్. మూడోది, ఇంటర్నెట్ నుంచి పాటను తెచ్చి, ఏ గదికి ఎప్పుడు పంపాలో చూసుకునే చిన్న కంప్యూటరు. దీన్ని బుర్ర అందాం. ఈ మూడూ ఒకేసారి ముసలివి కావు. స్పీకరుకు ఆయుష్షు ఎక్కువ. దానిలోని కాగితపు గిన్నె చుట్టూ మెత్తని పట్టీ ఒకటి ఉంటుంది. అది రబ్బరుదైతే దశాబ్దాలు నిలుస్తుంది. స్పాంజిలాంటి ఫోముదైతే పది పదిహేనేళ్ళకు పొడిపొడిగా రాలిపోతుంది. రాలినా, ఆ పట్టీ ఒక్కటే మార్చే పనివాళ్ళున్నారు. యాంప్లిఫయర్ లోపల కెపాసిటర్లనే చిన్న డబ్బాలుంటాయి. అవి ఎండిపోయాయంటే పాట లేనప్పుడు కూడా హుమ్మని రొద వస్తుంది. అదీ బాగుచేయించుకోదగ్గదే. అన్నిటికంటే ముందు పోయేది బుర్ర. అది చెడిపోదు సుమండీ, దానికి తెలిసిన భాషను బయట ప్రపంచం మాట్లాడ్డం మానేస్తుంది, అంతే!

మన అమ్మల కాలంలో రేడియో కొంటే పాతికేళ్ళు పాడేది. మీ రేడియో పాతబడింది, ఇక మా పాటలు మీకు రావు అని ఏ స్టేషనూ అనలేదు. ఇప్పటి పెట్టెలకు ఆ ధీమా లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళల్లో కొందరికి సోనోస్ కంపెనీ స్పీకర్లుంటాయి. 2020 జనవరిలో ఆ కంపెనీ, తన పాత పెట్టెలు కొన్నిటికి మే నెల తరవాత కొత్త మార్పులు పంపబోమని ప్రకటించింది. పాతది వదులుకుంటే కొత్తదాని మీద నూటికి ముప్పై తగ్గిస్తామంది. తగ్గింపు కావాలంటే పాత పెట్టెను మళ్ళీ ఎవరూ వాడకుండా శాశ్వతంగా మూగదాన్ని చెయ్యాలట! నిక్షేపంలా పాడుతున్నదాన్ని చేజేతులా చంపుకోవడమేమిటని కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. మార్చి నెలలో కంపెనీ ఆ షరతు ఎత్తేసింది. పాత పెట్టెలకు ఒక యాప్, కొత్తవాటికి ఇంకొకటి అని ఏర్పాటు చేసింది. దాంతో కొత్తవాటిని కొత్త యాప్‌కు మార్చుకుంటే, పాతా కొత్తా రెండూ ఉన్న ఇల్లు రెండు వాటాలయింది. ఒకే పాట ఇల్లంతా పెట్టుకోవడానికి వీలు లేకపోయింది.

బోస్ కంపెనీ 2013లో తెచ్చిన సౌండ్‌టచ్ పెట్టెలదీ ఇదే దారి. వాటికి ఇంటర్నెట్ సేవలు 2026లో ఆపేస్తామని 2025 అక్టోబరులో ప్రకటించి, కొన్నవాళ్ళు మొత్తుకుంటే గడువు కొన్నాళ్ళు పొడిగించింది. అయితే ఆక్స్ తీగ పెట్టుకుని పాట వినడానికి మాత్రం అడ్డు లేదంది. ఈ మాట మనం కొంగున ముడి వేసుకోవాలి. తీగ పెట్టుకునే రంధ్రం ఉన్న పెట్టె, బుర్ర పోయినా బతుకుతుంది.

కాబట్టి ముందు మన ఇంట్లో ఏది ముసలిదైందో కనుక్కోవాలి. ఇంటర్నెట్ వాళ్ళు కొత్త రౌటరు పెట్టి వెళ్ళిన మర్నాటి నుంచే పాట ఆగిందా? అలాగైతే తప్పు స్పీకరుది కాకపోవచ్చు. ఇప్పటి రౌటర్లు 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్ అని రెండు రకాల తరంగాలు పంపుతాయి. 5 వేగమైనదే గాని గోడలు అంత బాగా దాటలేదు. పాత పెట్టెలు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, స్పీకర్లను 2.4కి కలపమని ఆ కుర్రాణ్ణి పిలిచి అడగండి. అలాగే కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 అనే కొత్త తాళం ఉంటుంది, పాత పెట్టెలకు అది అర్థం కాదు. డబ్ల్యూపీఏ2 పెట్టమంటే సరిపోతుంది. ఇంకా అనుమానముంటే ఆ గురగుర పెట్టెను ఒక సాయంత్రం రౌటరు పక్కనే పెట్టి చూడండి. అక్కడ శుభ్రంగా పాడిందా, లోపం గోడల్లో ఉంది, పెట్టెలో లేదు.

సీలింగులో బిగించిన రెండు తీగల స్పీకర్లున్నవాళ్ళకు మరో చిన్న పరీక్ష. యాంప్లిఫయర్ స్విచ్చి కట్టేసి, ప్లగ్గు కూడా తీసి, స్పీకరు తీగలు రెండూ దాన్నుంచి విడదీయండి. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లుకు ఆ తీగల కొసలు ఒక్క క్షణం తాకించండి. పైన స్పీకరు టక్‌మందా, అది బాగున్నట్టే. అనకపోతే తీగ తెగి ఉండాలి, లేదా స్పీకరే కాలి ఉండాలి. ఫాల్స్ సీలింగ్‌లో ఎలుకలు తీగలు కొరకడం మామూలే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? విశాఖపట్నం, కాకినాడల్లో ఉన్నవాళ్ళు తీగ కొసలు పచ్చగా చిలుము పట్టాయేమో చూడండి. ఆ కాస్త కత్తిరించి మళ్ళీ బిగిస్తే చాలు. కరెంటు ప్లగ్గు ఉన్న పెట్టెలకు మాత్రం ఈ సెల్లు పరీక్ష చెయ్యకూడదు.

స్పీకర్లూ యాంప్లిఫయరూ బాగుండి బుర్ర ఒక్కటే పోయిందని తేలితే, ఒక్క బుర్రనే కొనండి. స్ట్రీమర్ అని అరచేతిలో పట్టేంత డబ్బా దొరుకుతుంది. దాన్ని పాత యాంప్లిఫయర్‌కు తీగతో కలిపితే ఫోను నుంచి పాటలు యథాప్రకారం వస్తాయి. ఆరు పెట్టెల ఖరీదెక్కడ, ఒక్క డబ్బా ఖరీదెక్కడ! షాపతను ఈ సంగతి తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి.

"వంటింట్లోది ఒక్కటి వేరే కంపెనీది కొంటే పోలా?" అంటారా? వంటింట్లో విడిగా వినేటట్టయితే కొనండి. హాలుతో కలిసి పాడాలంటే మాత్రం చిక్కు వస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బ్లూటూత్‌లో పాట సెకనులో ఆరేడో వంతు ఆలస్యంగా రావడం మామూలే. అంటే ఆ పెట్టె యాభై మీటర్ల దూరాన, వీధి చివర ఉన్నట్టు లెక్క. హాలుకీ వంటింటికీ మధ్య నిలబడితే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. పెళ్ళి పందిట్లో మైకు లాగన్నమాట. ఒకే జాతి పెట్టెలు తమలో తాము గడియారాలు సరిచూసుకుంటూ పాడతాయి కాబట్టే ఆ తేడా రాదు.

ఇక మార్చక తప్పనివీ ఉన్నాయి. కాలిన వాసన వచ్చినా, పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఆలోచించకుండా ప్లగ్గు పీకండి. మైకు ఉండి మన మాటలు వినే రకం పెట్టెకు కంపెనీ భద్రతా మార్పులు పంపడం మానేసిందంటే, నేనైతే దాన్ని పడగ్గదిలో ఉంచను. కరెంటు సంగతి కూడా చూసుకోండి. పాటలేని వేళ కూడా పెట్టెకు నాలుగు వాట్ల చొప్పున ఆరు పెట్టెలు తాగితే నెలకు సుమారు 17 యూనిట్లు! పడుకునే ముందు స్విచ్చి కట్టే అలవాటు చేసుకుంటే అందులో కొంత మిగులుతుంది.

కొత్తవి కొనాల్సే వస్తే షాపులో మూడు మాటలు అడగండి. తీగ పెట్టుకునే రంధ్రం ఉందా? ఇంటర్నెట్ లేనినాడు కూడా పాడుతుందా? మార్పులు ఎన్నేళ్ళు పంపుతామని కంపెనీ రాసిచ్చింది? మూడోదానికి షాపతను నవ్వి ఊరుకుంటే, ఆ నవ్వుకు అంత డబ్బు పొయ్యాలా అని ఇంటికొచ్చి ఆలోచించండి. కొనదలిస్తే ఇల్లంతటికీ ఒకేసారి కాకుండా, రోజూ వినే గదికి ఒకటి తెచ్చి రెండు నెలలు చూడండి.

పాతవాటిని పాత సామానుల బండికి వెయ్యకండి. అక్కడ రాగి కోసం తీగలు తగలబెడతారు, ఆ పొగ పీల్చేది వాళ్ళ పిల్లలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఇలాంటి వస్తువుల పునర్వినియోగ బాధ్యత తయారుచేసినవారిది. పాతది ఎక్కడ తీసుకుంటారో కంపెనీవాళ్ళనే అడగండి. ఇచ్చేముందు అందులోంచి మీ ఖాతా, వైఫై రహస్యపదం తీసేయించడం మరిచిపోకండి.