సాఫ్ట్‌వేర్ నిర్మాణమున ఎజైల్ పద్ధతి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను పర్వత విడిదియందు 17మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ఎజైల్ ప్రకటనను వెలువరించిరి. ఎజైల్ అనగా చురుకైనదని యర్థము. అంతకు మునుపు పెక్కు సంస్థలలో కోరికలన్నియు మొదటనే వ్రాసికొని, నిర్మాణమంతయు ముగిసినగాని వినియోగదారునకు చూపెడివారు కారు. అప్పటి కాతని యవసరమే మారిపోయెడిది.

ఎజైల్ పద్ధతులలో మిక్కిలి వ్యాప్తిగన్న స్క్రమ్ నందు పనిని నెలకు మించని గడువులుగా విభజింతురు. వీనికి స్ప్రింట్లని పేరు. ప్రతి స్ప్రింట్ చివరను పనిచేయు భాగ మొకటి చూపవలెను. దానినిబట్టి తరువాతి పనుల వరుసను మార్చుకొందురు. పొరపాటు నెలలోపుననే బయటపడును.

దినమునకు 15 నిమిషములకు మించని కూటము పనివారు తమ పనిని తామే సరిచూచుకొనుటకు ఏర్పడినది. పలుచోట్ల దీనిని అధికారికి లెక్క యప్పగించు తంతుగా మార్చినారు. అట్టిచోట చిక్కు చెప్పుకొనుటకు పనివారు జంకుదురు. దాచిన చిక్కు స్ప్రింట్ చివరనే తేలును.