రోస్టర్ ఒక్కతే అడిగితే గొడవ, పదిమంది అడిగితే లెక్క

"ఈ నెల కూడా నైట్లన్నీ నాకే వేశారక్కా, అడిగితే మొహం మాడ్చుకుంటున్నారు" అని మన గ్రూపులో ఎవరో ఒకరు ప్రతి నెలా రాస్తూనే ఉంటారు. కింద ఇరవై మంది ఏడుపు బొమ్మలు పెడతారు. మర్నాడు ఆ చెల్లి మళ్లీ నైటుకి వెళ్తుంది.

ఇలాంటి మాటల్నే వేరేచోట్ల ఉద్యోగులు ఒక పద్ధతిలోకి తెచ్చుకున్నారు. అమెరికాలో జిరాక్స్ కంపెనీ ఉంది కదా, 1964లో రోచెస్టర్‌లో జాతి గొడవలయ్యాక అక్కడ నల్లజాతి వాళ్లకు ఉద్యోగాలివ్వడం పెంచారు. ఉద్యోగాలైతే వచ్చాయి గానీ అమ్మకాలు బాగుండే ఏరియాలు వాళ్లకు దక్కలేదు. 1970 ప్రాంతంలో వాళ్లంతా ఒక సంఘంగా కూడి, పాతవాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పుతూ, యాజమాన్యంతో కలిసి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ కంపెనీకే 2009లో ఉర్సులా బర్న్స్ అనే నల్లజాతి మహిళ సీఈవో అయ్యింది. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు పట్టిందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మన నర్సులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇంగ్లాండు. అక్కడి ఎన్‌హెచ్‌ఎస్‌లో మైనారిటీ జాతుల సిబ్బందికి నెట్‌వర్కులున్నాయి. 2015 నుంచి ప్రతి ట్రస్టూ తొమ్మిది కొలతల్లో లెక్క చెప్పాలి: ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరి మీద క్రమశిక్షణ విచారణ పెట్టారు, ఇలాంటివి. తెల్లవాళ్లతో పోలిస్తే మైనారిటీ సిబ్బంది మీద విచారణ పెట్టే అవకాశం 2016లో 1.56 రెట్లు. 2020కి అది 1.16కి దిగింది. ఎవరో జాలిపడి దించలేదు, అంకె అందరికీ కనపడింది కాబట్టి దిగింది అని నా నమ్మకం.

మరి మనకిక్కడ? మహూజ్ చుట్టుపక్కల ఏ వార్డులో చూసినా బహ్రెయినీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మలయాళీలు, ఈజిప్టు వాళ్లు ఉంటారు. తెలుగమ్మాయిలు ఒకరో ఇద్దరో. అంటే ఇండియన్లలో కూడా మనం తక్కువమందిమే. హ్యాండోవర్ తమ భాషలో చెప్పేసుకుంటే మనకి సగం అందదు. ఇది మనసు కష్టపడే సంగతి మాత్రమే కాదు, పేషెంటు మందు తప్పిపోయే సంగతి. అలా చెబితేనే ఇన్‌చార్జి వింటుంది. (మనం ఇద్దరం కలిస్తే తెలుగులో మాట్లాడుకోమా అంటే, మాట్లాడుకుంటాం. హ్యాండోవర్ మాత్రం ఇంగ్లీషులోనే ఇద్దాం.)

బహ్రెయిన్‌లో 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం 39వ ఆర్టికల్ ప్రకారం స్త్రీ పురుష భేదం, మూలం, భాష, మతం చూసి జీతంలో తేడా పెట్టకూడదు. 2002 నాటి చట్టం ప్రకారం విదేశీయులు కూడా కార్మిక సంఘంలో చేరొచ్చు. సంఘం అనే మాటకి భయపడేవాళ్లు నర్సింగ్ సూపరింటెండెంట్‌కి చెప్పి "సిబ్బంది కమిటీ" అనే పేరుతో మొదలుపెట్టొచ్చు. అందులో తెలుగువాళ్లమే ఉంటే లాభం లేదు. ఫిలిప్పీన్స్ అమ్మాయిని, మలయాళీ చేచిని, వీలైతే ఒక బహ్రెయినీ నర్సుని కలుపుకోవాలి. మూడు నెలల రోస్టర్లు ముందు పెట్టుకుని ఎవరికెన్ని నైట్లు, ఎన్ని శుక్రవారాలు అని రాసుకోండి. ఆ కాగితంతో ఇద్దరు ముగ్గురు కలిసి హెచ్‌ఆర్‌కి వెళ్లండి. ఒక్కత్తే వెళ్తే "ఈమెకు అన్నీ గొడవలే" అంటారు. లెక్క తీసుకుని నలుగురు వెళ్తే అలా అనడం కష్టం. ఎవరినైనా విచారణకు పిలిస్తే తోడుగా ఒకరు రావచ్చా అని ముందే రాతపూర్వకంగా అడగండి. పేషెంట్ల పేర్లు, ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో ఎప్పుడూ వద్దు.

ఇంకో సంగతి. ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకు ఆ 2012 చట్టంలో కొన్ని ఆర్టికల్సే వర్తిస్తాయి. వాళ్లకి కమిటీ లేదు, హెచ్‌ఆర్ లేదు, కొందరికి ఫోను కూడా చేతిలో ఉండదు. ఇండియన్ ఎంబసీ పెట్టే ఓపెన్ హౌస్‌కి వాళ్లు రాలేకపోతే వాళ్ల తరఫున మనం వెళ్లి చెప్పొచ్చు. ఐసీఆర్‌ఎఫ్ వాళ్లకీ చెప్పొచ్చు. మీ బిల్డింగ్‌లో అలాంటి అమ్మాయి ఉంటే ముందు ఆమె పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఊళ్లో ఇంటివాళ్ల ఫోను నంబరు రాసి దగ్గర పెట్టుకోండి. ఎంబసీలో మొదట అడిగేవి అవే.