ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదల.. అదే తేదీన విశ్వనాథ్ అస్తమయం

లేపాక్షి: రంభ నాట్యానికి తుంబురుడు, బ్రహ్మ వాద్యాలు వాయిస్తున్న శిల్పాలు లేపాక్షి నాట్యమండపానికి ప్రత్యేకం. సంగీతానికి రాతిలో అంతటి గౌరవమిచ్చిన ఈ ప్రాంతంలో ఫిబ్రవరి 2ను స్మరించుకోవడం సముచితం. 1980లో ఆ రోజున విడుదలైన ‘శంకరాభరణం’ శాస్త్రీయ సంగీతాన్ని సామాన్యుల చెంతకు చేర్చింది. అందులో పేరున్న కథానాయకుడు లేడు. శంకరశాస్త్రిగా నటించిన జె.వి.సోమయాజులు రెవెన్యూ అధికారి. తొలిరోజుల్లో వెలవెలబోయిన థియేటర్లు నోటిమాటతోనే నిండాయి. శాస్త్రీయ శిక్షణ లేని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలకు పూనుకోవడం సాహసమే. ఆయనతో పాటు వాణీజయరాం, సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ జాతీయ పురస్కారాలు అందుకున్నారు.

సరిగ్గా 43 ఏళ్లకు, 2023 ఫిబ్రవరి 2న దర్శకుడు కె.విశ్వనాథ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. రెండు రోజులకే చెన్నైలో వాణీజయరాం మరణించారు. ఆమెకు పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పది రోజులే.