లోపల ఎవరున్నారు?

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు రిజిస్టరు పెట్టుకొని కూర్చుంటాడు. లోపలికి పోయేవారు పేరు, టైము రాసి పోతారు. బయటికి వచ్చేటప్పుడు రాయకుండా వెళ్ళిపోతే? పుస్తకం ప్రకారం ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వెబ్‌సైట్లకూ ఇదే తిప్పలు.

మనం వాడే బ్రౌజరు, వెబ్‌సైట్ నడిపే సర్వరు మాట్లాడుకునే పద్ధతిని హెచ్‌టీటీపీ అంటారు. దానికి జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ అడిగి, మరుక్షణం ఇంకో పేజీ అడిగితే రెండూ అడిగింది ఒకరేనని దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనికి 'కుకీ' అనే ఉపాయం కనిపెట్టాడు. మనం పాస్‌వర్డ్ కొట్టగానే సర్వరు ఎవరూ ఊహించలేని ఒక పొడవాటి నంబరును బ్రౌజరు చేతికిస్తుంది. గేటు పాసు అనుకోండి. బ్రౌజరు ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. ఆ పాసు ఎవరిది, ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చింది, చివరిసారి ఎప్పుడు కనిపించింది అన్నవి సర్వరు తన పట్టికలో రాసుకుంటుంది. ఒక్కో వరుస ఒక్కో 'సెషన్'.

"ఇప్పుడు లోపల ఎంతమంది?" అని అడిగితే సర్వరు ఆ చివరి టైము చూసి చెబుతుంది. కొన్ని సైట్లు పదిహేను నిమిషాలు, కొన్ని అరగంట ఉలుకూ పలుకూ లేనివారిని లెక్కలోంచి తీసేస్తాయి. అంటే అది అంచనాయే! నెట్ సెంటర్లో లాగౌట్ నొక్కకుండా ట్యాబ్ మాత్రం మూసి లేచి వస్తే, మనం వెళ్ళిపోయిన సంగతి సర్వరుకు తెలియదు. గడువు తీరేదాకా పాసు చెల్లుతుంది. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారికి మన స్కాలర్‌షిప్ దరఖాస్తు తెరుచుకోవచ్చు. అందులో బ్యాంకు అకౌంటు నంబరు ఉంటుంది మరి.

జీమెయిల్ 2008లో ఈ పట్టికను మనకే చూపించి, వేరేచోట తెరిచి ఉన్న సెషన్లను దూరం నుంచే మూసే వీలు కల్పించింది. ఇప్పుడు గూగుల్ అకౌంటు సెక్యూరిటీ భాగంలో మన పరికరాల జాబితా, వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' ఉన్నాయి. అక్కడ సైనౌట్ చేస్తే సర్వరు ఆ వరుసను కొట్టేస్తుంది. పాసు అవతలి బ్రౌజరులో ఉన్నా ఇక చెల్లదు.

సంగారెడ్డిలో కూర్చున్నా జాబితాలో 'హైదరాబాద్' అని రావచ్చు. ఊరి పేరును ఐపీ అడ్రసును బట్టి ఊహిస్తారు. హాస్టల్లో పదిమంది ఒకే వైఫై వాడితే బయటికి పదిమందికీ ఒకే అడ్రసు! కాబట్టి ఊరి పేరు చూసి కంగారు పడకండి. పరికరం పేరు, టైము చూడండి. మీరు నిద్రలో ఉన్న రాత్రి రెండు గంటలకు ఏదో తెలియని కంప్యూటర్ కనిపిస్తే, వెంటనే పాస్‌వర్డ్ మార్చి ఆ సెషన్‌ను తీసేయండి.