స్పీడ్ బండికి ఏ ఇంజిన్ ఆయిల్ వేయాలి? డబ్బాపై అంకెల అర్థం ఇదీ

ఇంట్లో కుర్రాడు టర్బో కారో, పెద్ద బైకో కొంటాడు. సర్వీసింగ్‌కు వెళ్తే మెకానిక్ అడిగే మొదటి మాట, "భాయ్, ఏ ఆయిల్ వేయమంటారు?" "స్పీడ్‌గా నడుపుతా, కొంచెం చిక్కటిది వేయండి" అని చాలామంది చెప్పేస్తుంటారు. చిక్కటి ఆయిల్ అన్ని బండ్లకూ మంచిదన్న ఈ నమ్మకం ఒక్కోసారి ఇంజిన్‌కే ఎసరు పెడుతుంది. ఇంజిన్ విప్పాల్సి వస్తే అయ్యే ఖర్చు ఏ కుటుంబానికైనా భారమే. బండి మీదే బతికే క్యాబ్ డ్రైవర్‌కైతే అన్ని రోజుల రోజీ కూడా పోతుంది.

అంకెలు ఏం చెబుతాయి?

డబ్బాపై 5డబ్ల్యూ-30 అని ఉంటే, 'డబ్ల్యూ' అంటే వింటర్. ముందున్న అంకె ఎంత తక్కువైతే, చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ అంత త్వరగా పైభాగాలకు చేరుతుంది. వెనక అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని తెలుపుతుంది.

హైవేపై గంటల తరబడి వేగంగా పోయినా, మే ఎండలో ఏసీ వేసుకుని ఫుల్ లోడ్‌తో ఘాట్ ఎక్కినా ఆయిల్ వేడి 120 డిగ్రీలు దాటొచ్చు. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ పలచబడుతుంది. లోహాల మధ్య ఉండే ఆ సన్నని పొర తెగితే అరుగుదల మొదలవుతుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానికీ ఈ ఆయిలే ఆధారం. అందుకే గట్టిగా నడిపే బండికి వేడిని బాగా తట్టుకునే ఫుల్ సింథటిక్ మేలు.

మరి చిక్కటిది వేయొచ్చా?

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ రాసి ఉంటే, ఎండాకాలం స్పీడ్ డ్రైవింగ్‌కు 40 ఎంచుకోవచ్చు. 0డబ్ల్యూ-20 మాత్రమే ఉన్న ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే కష్టమే. స్టార్టింగ్‌లో ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, మైలేజ్ పడిపోతుంది, వారంటీకీ ఇబ్బంది రావచ్చు.

గ్రేడ్‌తో పాటు ఇవీ చూడాలి

టర్బో పెట్రోల్ కార్లు: ఎపిఐ 'ఎస్‌పి' ప్రమాణం 2020లో వచ్చింది. చిన్న టర్బో ఇంజిన్లలో పెట్రోల్ సమయానికి ముందే అంటుకుని పిస్టన్ దెబ్బతినకుండా, టైమింగ్ చైన్ అరగకుండా ఇది కాపాడుతుంది.

డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 డీజిల్ కార్లు: బూడిద తక్కువగా వదిలే ఆయిలే వేయాలి. లేదంటే పొగగొట్టంలోని ఫిల్టర్ మూసుకుపోతుంది.

గేర్ బైకులు: చాలా వాటిలో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తుంది. డబ్బాపై జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని బైక్‌లో పోస్తే క్లచ్ జారిపోవచ్చు.

రేటు ఎక్కువైన ఆయిలైనా టైముకు మార్చకపోతే దండగే. గట్టిగా నడిపే బండికి మాన్యువల్‌లో చెప్పిన గడువు కంటే ముందే, ఫిల్టర్‌తో సహా మార్చాలి. బండిని సమంగా ఉన్న చోట ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్‌తో లెవల్ చూడాలి. తగ్గితే వేగంగా మలుపు తిరిగేటప్పుడు పంపు గాలిని పీలుస్తుంది. ఎక్కువైనా నురగ వచ్చి పని చెడుతుంది.

నకిలీ సరుకుతో జాగ్రత్త. సీల్ చూసి, బిల్లు తీసుకుని, డబ్బాను మన కళ్ల ముందే తెరిపించాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి పడేస్తే మళ్లీ నింపి అమ్మలేరు. పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా, సేకరణ ఏర్పాటు ఉన్న సర్వీస్ సెంటర్‌లోనే ఇవ్వాలి.

దారిలో ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగితే మాత్రం "ఇంటిదాకా పోదాం" అనుకోవద్దు. బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఆ కొద్ది దూరంలోనే ఇంజిన్ పట్టేయొచ్చు.