నేరం కూడా డ్యూటీయే!

జామ్‌తారా ఎస్పీ డాలీ సాహు తెర మీదికి రాగానే తెలుగు ప్రేక్షకులకు 'ఈమెను ఎక్కడో చూశామే' అనిపిస్తుంది. చూసిన మాట నిజమే. 2008లో 'యువత'లో, 2011లో 'కందిరీగ'లో నటించిన అక్ష పార్దసానీయే ఆ ఖాకీ చొక్కాలో ఉన్నది. నెట్‌ఫ్లిక్స్‌లో 2020 జనవరిలో మొదలైన 'జామ్‌తారా: సబ్‌కా నంబర్ ఆయేగా'లో ఆమె సైబర్ మోసగాళ్ల వెంటపడే పోలీసు అధికారి. పాటలూ ఫైట్లూ పోయి ఫైళ్లూ కేసులూ వచ్చాయి.

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో ఉండే తెలుగువాళ్లకు ఇది ఎవరి కథో కాదు, సొంత రాష్ట్రం జార్ఖండ్ కథ. తాతలనాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికని రైలెక్కి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ. జార్ఖండ్ యాసలో తిట్టుకునే ఆ సిరీస్ కుర్రాళ్ల మాటలు వీళ్లకు డబ్బింగ్ లేకుండానే అర్థమవుతాయి. పైగా క్రైమ్ డ్రామాలతో ఊరికి చుట్టరికం కూడా ఉంది. 2018లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'బ్రీద్' నాయకుడు మాధవన్ 1970లో పుట్టింది ఇక్కడే. 2020లో నెట్‌ఫ్లిక్స్‌కు 'షీ' తయారుచేసి ఇచ్చిన ఇంతియాజ్ అలీ కూడా ఈ ఊరి పిల్లాడే. ప్రేమకథలకు పేరుపడ్డ ఆ దర్శకుడే అనురాగ్ కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే'లో బొంబాయి పేలుళ్ల కేసు యాకూబ్ మెమన్ వేషం వేశాడంటే చాలామంది నమ్మరు!

ఇక అసలు సంగతి. వీటిలో ఏది గొప్పది? దేన్నిబట్టి?

హంతకుడెవరో చివరిదాకా దాచిపెట్టడమే గొప్ప అనుకునే అలవాటు తెలుగువాళ్లకు పాతదే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును నమ్ముకుని రాత్రిళ్లు దీపం ఆర్పకుండా చదివిన తరం మనది. దూరదర్శన్‌లో 1985లో 'కరమ్‌చంద్', 1993లో 'బ్యోమ్‌కేశ్ బక్షి' ఆ రుచినే పెంచాయి. కానీ గడిచిన పాతికేళ్లలో ప్రపంచం నెత్తిన పెట్టుకున్న సిరీస్‌లు చాలావరకు ఆ దారిన పోలేదు. నేరస్థుడి పేరు మొదట్లోనే చెప్పేసి, నేరం ఎలా చేస్తారో, దాన్ని పట్టుకోవడానికి ఎంత చాకిరీ చేయాలో చూపించాయి. ఏ షిఫ్టు, బీ షిఫ్టు అంటూ బతికే కంపెనీ ఊరివాళ్లకు ఈ కొలత కొత్తగా చెప్పక్కర్లేదు. పని తెలిసినవాడు తీశాడా, తెలియనివాడు తీశాడా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ కొలతకు తలమానికం 'ది వైర్'. 2002 నుంచి 2008 దాకా హెచ్‌బీఓలో ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు నడిచింది. రాసిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్‌లో క్రైమ్ రిపోర్టరుగా పనిచేసినవాడు. తోడుగా ఉన్న ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్యకేసులు చూసిన మాజీ పోలీసు. మొదటి సీజన్‌లో మత్తుమందు ముఠా పేజర్లు, వీధి టెలిఫోన్ బూత్‌లు వాడుతుంది. పేజర్‌లో వచ్చే నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ పలకరు. ఎందుకంటే అది అసలు నంబరు కాదు. డెస్కు దగ్గర కూర్చోబెట్టిన, ఎందుకూ పనికిరాడనుకున్న ప్రెజ్ అనే పోలీసు ఆ గుట్టు విప్పుతాడు. ఫోన్ కీప్యాడ్ మధ్యలో ఉన్న 5 మీంచి అవతలికి దూకాలి. 1 ఉంటే 9, 2 ఉంటే 8, 5 ఉంటే సున్నా. చదువు సరిగా అబ్బని వీధి కుర్రాళ్లకు సరిపోయే లెక్క అది.

అంతటితో అయిపోలేదు. కోర్టు అనుమతి ఉన్నా ప్రతి కాలూ వినడానికి వీల్లేదు. బూత్‌లో మాట్లాడుతున్నది ముఠా మనిషేనని కళ్లతో చూసినవాడు చెబితేనే వినాలి. అందుకని ఒకడు ఇంటి పైకప్పెక్కి కాపలా కాయాలి. ఛేజింగ్ లేదు, తుపాకీ మోత లేదు. ఎండలో మేడమీద కూర్చున్న పోలీసు, కింద ఫోను పట్టుకున్న కుర్రాడు. ఉత్కంఠ అంతా అక్కడే ఉంది. ఇంత గొప్ప సిరీస్‌కు ఒక్క ఎమ్మీ కూడా రాలేదంటే అవార్డుల మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది.

'జామ్‌తారా' కూడా ఫోను కథే. దర్శకుడు సౌమేంద్ర పాఢి పత్రికలో వచ్చిన ఒక కథనం చదివి ఇటు వచ్చాడు. మొదటి సీజన్‌లో స్పర్శ్ శ్రీవాస్తవ వేసిన సన్నీ, అతని జతగాళ్లు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ కార్డు నంబరు రాబడతారు. అవతలివాడు భయపడేలా ఎక్కడ గొంతు పెంచాలో, నమ్మేలా ఎక్కడ 'సర్' అనాలో వాళ్లకు కొట్టిన పిండి. సన్నీ చేసుకున్న గుడియా గొంతు కూడా ఆ వ్యాపారంలో పెట్టుబడే. ఈ భాగమంతా 'ది వైర్' పక్కన నిలబడే సరుకు. ఊళ్లో అధికారం చేతిలో ఉన్న బ్రజేష్ భాన్‌గా అమిత్ సియాల్ వచ్చి ఆ డబ్బులో వాటా అడిగే దాకా బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత మామూలు గూండా కథ అవుతుంది. 2022 సెప్టెంబరులో వచ్చిన రెండో సీజన్ ఎన్నికల గోలలో పడి ఫోను పక్కన పెట్టేసింది. అక్కడే దెబ్బతింది.

ఈ కథకు తెర మీద చోటు దొరకని చేదు ఒకటుంది. జామ్‌తారా జిల్లాలో మోసపు కాల్స్‌కు పేరుమోసిన కర్మాటాండ్‌లోనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చివరి దశలో ఏళ్ల తరబడి ఉన్నారు. సంథాల్ పిల్లలకు చదువు చెప్పారు, హోమియో మందులిచ్చారు. అక్కడి రైల్వే స్టేషన్‌కు ఆయన పేరే. కందుకూరి వీరేశలింగాన్ని 'దక్షిణదేశ విద్యాసాగరుడు' అని పిలుచుకున్న మనవాళ్లకు ఇది ఇంకాస్త గుచ్చుకుంటుంది.

పని చూపించడంలో భారతీయ సిరీస్‌లలో ముందుండేది 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరాన్ని దర్శకుడు రిచీ మెహతా మళ్లీ కళ్లముందు ఆడించలేదు. ఆ తర్వాతి రోజుల్లో పోలీసులు పడ్డ పాట్లనే ఏడు ఎపిసోడ్లలో చెప్పాడు. సీసీటీవీలో వందల తెల్లబస్సుల మధ్య 'యాదవ్' అని రాసున్న ఒక్క బస్సును వెతకడం, ఇంటికెళ్లకుండా స్టేషన్‌లోనే కునుకు తీసే డీసీపీ, బయట గేటు దగ్గర జనం, పైనుంచి ఒత్తిడి. డీసీపీగా వేసిన షెఫాలీ షా ముఖంలో అలసటే నటన. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీలో ఉత్తమ డ్రామా బహుమతి గెలిచిన మొదటి భారతీయ సిరీస్ ఇదే. పోలీసుల పక్షం మరీ ఎక్కువగా తీసుకుందన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు.

దీని పక్కన మన జంషెడ్‌పూర్ వాళ్లవి కాస్త వెలవెలబోతాయి. 'బ్రీద్'లో కొడుకు ఊపిరితిత్తుల కోసం అవయవదాతలను చంపే తండ్రి ఆలోచనే ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ ఒక ఫుట్‌బాల్ కోచ్‌కు హత్యలు మరీ సులువుగా అమరిపోతాయి. 'షీ'లో కానిస్టేబుల్ భూమిక, హైదరాబాదీ నటుడు విజయ్ వర్మ వేసిన సస్యా ఎదురుబొదురు కూర్చున్న సన్నివేశాలు చాలా బాగుంటాయి. తర్వాత దర్శకుల చూపు ఆమె ఉద్యోగం మీద తక్కువ, ఒంటి మీద ఎక్కువ. ఇదే విజయ్ వర్మ 2023లో 'దహాడ్'లో మర్యాదస్తుడైన హిందీ పంతులుగా, వరస హంతకుడిగా కనిపించినప్పుడు తేడా తెలుస్తుంది.

'బ్రేకింగ్ బ్యాడ్' సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క మాట చాలు. 2010లో వచ్చిన 'ఫ్లై' ఎపిసోడ్ మొత్తం మత్తుమందు వండే ల్యాబ్‌లో దూరిన ఈగను తరమడమే. సరుకు పాడవుతుందన్న భయం. ప్లాంటులో క్వాలిటీ చూసేవాళ్లెవరైనా దీన్ని చూసి నవ్వరు.

తెలుగులో? నాగచైతన్య, విక్రమ్ కుమార్‌ల 'దూత' 2023లో విశాఖను వానలో ముంచి చక్కగా చూపించింది. అయితే జరగబోయేది పేపరు ముక్కలే చెప్పేస్తుంటే పోలీసులకు మిగిలే పనేముంది? 'రానా నాయుడు' తీసింది హిందీలో; అది అమెరికా 'రే డొనోవన్'కు మన దుస్తులు తొడిగింది. 2022లో జీ5లో వచ్చిన, తాడిపత్రి నేపథ్యంలో పోలూరు కృష్ణ తీసిన 'రెక్కీ'కి వీటన్నిటికన్నా తక్కువ పేరొచ్చింది. కానీ అందులో చంపేవాళ్ల తయారీకే పెద్దపీట వేశారు. మనిషి ఎప్పుడు బయటికొస్తాడు, వెంట ఎవరుంటారు, ఏ దారిన పోతాడు అన్న లెక్కలతోనే కథ నడుస్తుంది. ఆ పద్ధతిలో మనవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లాలి.

సరుక్కి కొదవ లేదు. డబ్బు పోగొట్టుకున్నవాడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన దగ్గర్నుంచి హైదరాబాద్ సైబర్ పోలీసులు రైలెక్కి జామ్‌తారా వెళ్లేదాకా ప్రతి మెట్టూ ఒక ఎపిసోడే. తెలియని భాష, స్థానిక స్టేషన్‌లో ఎవరిని నమ్మాలో తెలియని స్థితి, తలుపు తట్టేలోపే పొలాల్లోకి పరుగుతీసే కుర్రాళ్లు, పట్టుకున్నాక అక్కడి కోర్టులో ట్రాన్సిట్ రిమాండ్ కోసం పడిగాపులు. ఆ బృందంలో జార్ఖండ్ హిందీ వచ్చిన ఒక జంషెడ్‌పూర్ తెలుగు కానిస్టేబుల్‌ను పెడితే, రెండు వైపుల మాటలూ మోసే ఆ మనిషే కథానాయకుడు.